వేపచెట్టే నయం

నిన్న ఒడిశాలోని పర్లాకిమిడిలో పాతపట్నం బస్సు కోసం అమ్మతో 40 నిమిషాలు ఎదురుచూశాను. షెల్టర్ ఉంది, కానీ రేకుల కప్పు. కింద నిలబడితే పెనం మీద ఉన్నట్టే. పడమటి ఎండ నేరుగా బెంచీ మీదికి! జనమంతా అవతలి వేపచెట్టు కిందే. ఏ బస్సు వచ్చినా పరుగెత్తి బోర్డు చూడాలి; అమ్మ మోకాళ్లకు అది అయ్యే పనా?

నీడ, కూర్చునే చోటు, బస్సు వేళల సమాచారం ఉంటే ఎదురుచూపు తక్కువగా అనిపిస్తుందని 2016లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. అమ్మ అవేవీ చదవలేదు. చెట్టు వేరు మీద కూర్చుని, "ఒడియాలోనైనా సరే, వేళలు రాసిపెడితే ఇంకో గంటైనా కూర్చునేదాన్ని. ఆటో పిలువు నాయనా" అంది.

ఆటో ఎక్కి వీధి మలుపు తిరిగామో లేదో, బస్సు ఎదురొచ్చింది.