హెండర్సన్ బడి, దాని కప్పలు

అమెరికాలో, మినియాపొలిస్‌లో మేనకోడలి ఇంట్లో మూడు వారాలున్నాను. సరస్సులు చూశాం, మాల్ చూశాం, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. మే నెలలో ఒక రోజు "మామయ్యా, ఓ బడి చూడ్డానికి వెళ్తున్నా, వస్తావా?" అంది. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, రిటైరయ్యాక కూడా బడులేనా అని విసుక్కుంటూనే కారెక్కాను.

దారిలో బంకులో కాఫీ, గుడ్డు శాండ్‌విచ్ కలిపి తొమ్మిది డాలర్లు. రూపాయల్లోకి మార్చొద్దని అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా మార్చేశాను, ఏడొందల పైమాటే. ఆ కాఫీ అయితే గ్లాసు కడిగిన నీళ్లే.

169 హైవే మీద దక్షిణంగా వెళ్లి పక్కకు తిరిగితే, మినెసోటా నది ఒడ్డున హెండర్సన్. చిన్న ఊరు, ఏరు పొంగితే రోడ్లు మూసేస్తారట. ఆ బడి పేరు మినెసోటా న్యూ కంట్రీ స్కూల్. చార్టర్ బడి, అంటే సర్కారు డబ్బుతోనే నడుస్తుంది, ఫీజు లేదు, కాకపోతే స్థానిక విద్యా జిల్లా పెత్తనం ఉండదు. ఇలాంటి బడులకు దేశంలో మొదట చట్టం చేసింది ఈ మినెసోటా రాష్ట్రమే, 1991లో. ఇది 1994లో మొదలైంది.

లోపలికెళ్తే ఏదో ఆఫీసుకొచ్చామనిపించింది. ప్రతి పిల్లాడికీ సొంత బల్ల, దాని మీద కంప్యూటర్, ఫొటోలు, చిప్స్ ప్యాకెట్లు. బెల్లు లేదు, పీరియడ్లు లేవు. ఎవరి ప్రాజెక్టు వాళ్లది. ఒకబ్బాయి న్యూస్‌పేపర్ పరిచి కార్బురేటర్ విప్పుకుని కూర్చున్నాడు, గోళ్ల నిండా నల్ల గ్రీజు, పక్కన ఎన్ని గంటలు పనిచేశాడో రాసుకున్న కాగితం. హెడ్మాస్టర్ గది ఎక్కడని అడిగాను. ఆ పోస్టే లేదు, టీచర్లే కలిసి నడుపుకుంటారంది అమ్మాయి. మరి సెలవు చీటీ మీద సంతకం ఎవరు పెడతారు? నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది.

అసలు సంగతి కప్పలది. 1995 ఆగస్టులో ఈ బడి పిల్లలు టీచర్‌తో కలిసి ఊరి దగ్గర చెరువుకెళ్లారు. పట్టుకున్న మచ్చల కప్పల్లో చాలావాటికి కాళ్లు సరిగ్గా లేవు. కొన్నిటికి ఓ కాలు లేదు, కొన్నిటికి ఎక్కువ. పిల్లలు అక్కడితో వదల్లేదు, లెక్కలు రాశారు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ శాఖకు చెప్పారు, దేశమంతా శాస్త్రవేత్తలు కప్పల వెంట పడ్డారు. పురుగుమందులని కొందరన్నారు, అదనపు కాళ్లకు చాలాచోట్ల ఒక పరాన్నజీవి కారణమని తర్వాత తేలింది.

నేనూ కప్పల్ని పట్టించాను. లెక్కలేనన్ని. అన్నీ క్లోరోఫామ్ సీసాలోకి, తర్వాత మైనం పళ్లెంలో కాళ్లకు పిన్నులు గుచ్చడానికి. మా బడి వెనకే చెరువు, గట్టు మీద నుంచి బెకబెకలు క్లాసులోకి వినిపించేవి. ఒక్క బ్యాచ్‌నీ అక్కడికి తీసుకెళ్లలేదు. సిలబస్ అయ్యేది కాదు మరి. అది సాకేనని ఇప్పుడు తోస్తోంది.

తిరుగుదారిలో ఓ చెరువు దగ్గర కారాపమన్నాను. "ఈ బూట్లతోనా మామయ్యా?" అంది. గట్టున ఓ మచ్చల కప్ప కనిపించింది, వంగి కాళ్లు లెక్కపెట్టబోయాను, మూడు దగ్గరికొచ్చేసరికి దూకేసింది. నేను మోకాలిదాకా బురదలో దిగబడ్డాను.