చూపు లేని ఎలుకకి మతిమరుపు అంటగట్టొద్దు

అమెరికాలోని పోర్ట్‌లాండ్ వచ్చాక నా ఉద్యోగమంతా ఎలుకల గదిలోనే, వాటి జ్ఞాపకశక్తిని పరీక్షించడం. ఈమధ్య హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకమ్మాయి మా ల్యాబ్‌లో చేరింది. "అక్కా, ఎలుకలన్నీ ఒకటే కదా, ఏది త్వరగా దొరికితే అది తెప్పిద్దామా?" అంది. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ కొంతకాలమే పనిచేయనిచ్చే అనుమతి) మీద ఉన్నవాళ్ళకి ఒక్క బ్యాచ్ వృథా అయితే నెలలు పోతాయి, ఆ టెన్షన్ నాకు తెలుసు, అందుకే కూర్చోబెట్టి చెప్పాను.

తోబుట్టువులనే 20 తరాలకు పైగా జతకట్టించి తయారు చేసిన స్ట్రెయిన్లు, అంటే ప్రత్యేక వంశాలు, ఇవి. ఒకే స్ట్రెయిన్‌లో ఎలుకలు జన్యుపరంగా కవలలతో సమానం, కానీ స్ట్రెయిన్ మారితే స్వభావమే మారిపోతుంది. మేం బ్లాక్ సిక్స్ అని పిలిచే నల్ల ఎలుక చోటు బాగా గుర్తుపెట్టుకుంటుంది, ఆల్కహాల్ కలిపిన నీళ్ళు పెడితే ఇష్టంగా తాగుతుంది. డీబీఏ/2 అనే స్ట్రెయిన్ ఎలుక ఆ నీళ్ళ జోలికే పోదు, దారి గుర్తుపెట్టుకోవడంలోనూ వెనకబడుతుంది. బాల్బ్/సీ అనే తెల్లటి స్ట్రెయిన్‌కి భయం ఎక్కువ.

రిచర్డ్ మోరిస్ 1980ల మొదట్లో తెచ్చిన నీటి తొట్టి పరీక్షలో, ఎలుక ఎక్కి నిలబడేందుకు రంగు కలిపిన నీళ్ళ కింద చిన్న ప్లాట్‌ఫాం దాస్తాం. చుట్టూ గోడల మీది బొమ్మల్ని బట్టి అదెక్కడుందో ఎలుక నేర్చుకోవాలి. ఎఫ్‌వీబీ అనే స్ట్రెయిన్ ఎలుక ఎన్నాళ్ళయినా నేర్చుకోదు. దానికి జ్ఞాపకశక్తి లేదని రాసేస్తే ఘోరమైన అన్యాయం, ఎందుకంటే ఆర్‌డీ1 అనే మ్యుటేషన్ (జన్యువులో మార్పు) వల్ల తల్లిపాలు మానే వయసుకే దాని రెటీనా, అంటే కంటి లోపల వెలుగుని పట్టే పొర, పాడైపోతుంది, ఆ బొమ్మలు దానికి కనిపించవు! సీ3హెచ్ అనే ఇంకో స్ట్రెయిన్‌దీ అదే పరిస్థితి.

పోనీ స్ట్రెయిన్ సరిగ్గా ఎంచుకుంటే చాలా అంటే, అదీ కాదు. 1999లో ఆల్బనీ, ఎడ్మంటన్, మా పోర్ట్‌లాండ్‌లలో మూడు ల్యాబులు అవే స్ట్రెయిన్లు, అవే పరికరాలు, అదే పద్ధతితో పరీక్షలు చేస్తే కొన్నింటి ఫలితాలు ల్యాబ్‌ని బట్టి మారిపోయాయి. ఎలుకని పట్టుకునే చేతులు, గదిలో చప్పుడు, ఇలాంటివన్నీ లెక్కలోకి వస్తాయని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకని ముందు ప్లాట్‌ఫాంకి జెండా కట్టి, పైకి కనిపించేలా పెట్టి చూడమన్నాను. అప్పుడూ చేరలేకపోతే కళ్ళు, కాళ్ళు పరీక్షించాలి, జ్ఞాపకం సంగతి ఆ తర్వాత. ఆర్డర్‌లో స్ట్రెయిన్ పేరు చివరి అక్షరం దాకా రాయమని కూడా చెప్పాను. బ్లాక్ సిక్స్‌లోనే 6జే వేరు, 6ఎన్ వేరు. రెటీనాని దెబ్బతీసే ఆర్‌డీ8 మ్యుటేషన్ 6ఎన్‌లో ఉంటుంది, 6జేలో ఉండదు.