శీర్షిక లేని శనివారపు లెక్కలు

విజయనగరంలోని మన బడి పూర్వ విద్యార్థులం ఎవరం కలిసినా పదో తరగతి మార్కుల ప్రస్తావన వస్తుంది. నాకు మాత్రం, ఏ సబ్జెక్టును ఎలా చదవాలో ఆ ఏడాది మన మాస్టార్లు విడివిడిగా నేర్పిన తీరు గురించి రాయాలని ఉంది. ఇప్పుడు నేనూ విజయనగరం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. అన్ని పుస్తకాలనూ ఒకే విధంగా, వాక్యాల కింద గీతలు గీసుకుంటూ పదేపదే చదివే పిల్లలను రోజూ చూస్తున్నాను. మనకు ఎంత మంచి చదువు దొరికిందో వాళ్లను చూశాకే పూర్తిగా అర్థమైంది.

లెక్కల మాస్టారు మామూలు రోజుల్లో బోర్డు పైన అధ్యాయం పేరు రాసేవారు. శనివారం మాత్రం రాసేవారు కాదు. వర్గ సమీకరణాలు, శ్రేఢులు, త్రికోణమితి, క్షేత్రమితి కలగలిపి లెక్కలు ఇచ్చేవారు. ఒక దీర్ఘచతురస్రం పొడవు వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 70 చదరపు మీటర్లు, కొలతలు ఎంత? వర్గ సమీకరణాల పాఠం నడుస్తున్నప్పుడు అడిగితే తరగతి అంతా చేసేస్తుంది. శనివారం అడిగితే సగం మంది చుట్టుకొలత సూత్రం రాసుకుని ఆగిపోయేవారు. వెడల్పుకు 7, మైనస్ 10 అని రెండు విలువలు వస్తాయి. మైనస్ 10ని ఎందుకు వదిలేయాలో ఒక వాక్యం రాస్తేనే పూర్తి మార్కులు. పరీక్షలో ఏ ప్రశ్నా తనది ఏ అధ్యాయమో చెప్పదు కాబట్టి, ఏ పద్ధతి వాడాలో పోల్చుకోవడమే సగం లెక్క అని ఆయన గట్టిగా నమ్మేవారు. చేసిన లెక్కనే పుస్తకం మూసి మళ్లీ చేయించేవారు. ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టించేవారు. వారం తర్వాత చుక్క లెక్కలు మాత్రమే అడిగేవారు. మన ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం అయిన మర్నాడు కూడా మాకు పాత చుక్కల పరీక్షే.

ఆ పద్ధతికి వెనుక ఉన్న శాస్త్రం నాకు బి.ఎడ్.లో తెలిసింది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, ఎంత సమయానికి ఎంత మరచిపోతున్నారో కొలిచి, 1885లో ఆ ఫలితాలను ప్రచురించారు. మరపు మొదటి గంటల్లో వేగంగా సాగి ఆ తర్వాత నెమ్మదిస్తుందని, ఒకే బిగిన చదివినదాని కంటే విడతలుగా చదివినది బాగా నిలుస్తుందని ఆయన గమనించారు. మాస్టారు ఆ పేరు మా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు.

సోషల్ మాస్టారి దారి వేరు. సంవత్సరాలను జాబితాగా బట్టీ పట్టడం ఆయనకు అస్సలు నచ్చదు. ఒక ఏడాది చెబితే దాని పక్కన మరో సంఘటన చెప్పాలి, రెంటికీ పొత్తు ఏమిటో కూడా చెప్పాలి. 1757 అనగానే మేము జనవరిలో బొబ్బిలి యుద్ధం, జూన్‌లో ప్లాసీ యుద్ధం అనేవాళ్లం. ఇక్కడ ఫ్రెంచి సేనాని బుస్సీ, అక్కడ ఇంగ్లీషు సేనాని క్లైవ్. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు నిర్ణయం. మరుసటి ఏడాది ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు (కప్పం) బకాయిల తగాదా ముదిరి, పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగారు. 1802లో ఆ శాశ్వత శిస్తు పద్ధతే ఉత్తర సర్కారులకూ, అంటే మన కోస్తా ప్రాంతానికీ వచ్చింది. కోట గోడ పక్కనుంచి బడికి నడిచి వచ్చే మాకు ఈ గొలుసు ఒకసారి వింటే చాలు, ఒక తేదీ మిగతా వాటిని వెంటబెట్టుకుని వచ్చేది. పటం గీయడానికీ ఆయనకొక క్రమం ఉంది. ముందు చూడకుండా తీరరేఖ గీయాలి, దాని వెంబడి చిలికా, కొల్లేరు, పులికాట్ సరస్సులు పెట్టాలి, నదులు ఆ తర్వాతే. వంశధార, నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని చేరే చోట్లను సరిగ్గా గుర్తించగలిగితే గోదావరిని ఎక్కడ పెట్టాలన్న తడబాటు ఉండదు. నా తరగతిలో ఇప్పుడూ ఇదే క్రమం.

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు మనది. ఆ గాలి సోకిందో ఏమో, తెలుగు మాస్టారు పద్యాన్ని ఎప్పుడూ పొడిగా చదివేవారు కాదు. రాగం తీసి రెండుసార్లు పాడించాకే ప్రతిపదార్థం. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణాలని, యతి పదో అక్షరమని తర్వాత చెప్పేవారు. అప్పటికే విరుపు ఎక్కడో మా చెవికి తెలిసిపోయేది.

జీవశాస్త్రం టీచరు గారు బొమ్మను చూసి దించనిచ్చేవారు కాదు. పుస్తకం మూసి, బౌమన్ గుళిక నుంచి సంగ్రహణ నాళం దాకా మూత్రం ఏర్పడే దారిని చెప్పుకుంటూ మూత్రపిండంలోని సూక్ష్మ వడపోత నాళమైన నెఫ్రాన్ గీయాలి. దారి తెలిస్తే భాగాల పేర్లు వాటి చోట్లలో అవే పడతాయి. భౌతికశాస్త్రంలో ప్రమాణం రాయని జవాబుకు ఆవిడ విలువ ఇవ్వలేదు. ఇంగ్లీషు, హిందీలకు రోజూ కొద్దిసేపు పైకి చదవడం, చదివినదాన్ని సొంత వాక్యాల్లో రాయడం తప్ప వేరే ఉపాయం లేదని నా అభిప్రాయం. పరీక్ష ముందు రాత్రంతా మేలుకోవడం ఏ సబ్జెక్టుకూ పనికిరాదు.

ఈ సంచిక చదువుతున్న మిత్రులకు ఒక మనవి. పరీక్షల ముందు శనివారాల్లో ఒక గంట మన బడికి రండి. బ్యాంకులో పనిచేసేవారు చక్రవడ్డీ లెక్క ఇవ్వండి, ఆసుపత్రిలో ఉన్నవారు నెఫ్రాన్ గీయించండి, ఇంజనీర్లు త్రికోణమితితో టవర్ ఎత్తు అడగండి. అన్నీ ఒకే కాగితం మీద, కలగలిపి. అధ్యాయం పేరు మాత్రం రాయకండి.