మాస్కు తీయకుండా పన్ను ఎలా చూడాలి?

కరోనా టైమ్‌లో పళ్ల డాక్టర్లు రేట్లు పెంచేసి జనాన్ని దోచుకున్నారని ఇప్పటికీ అంటుంటారు. మొన్న ఒక పెళ్లి భోజనాల్లో కూడా ఇదే మాట, పక్కన కూర్చున్నది పళ్ల డాక్టరని తెలియక. అక్కడ వాదన పెట్టుకోలేదు, పప్పులో నెయ్యి కలుపుకుని ఊరుకున్నాను, ఇక్కడ రాస్తున్నాను. పెంచిన మాట నిజమే. మాస్కులు, ఒళ్లంతా కప్పుకునే పీపీఈ కిట్ల ఖర్చు వల్ల పెంచామని చాలామంది అనుకుంటారు, అదీ కొంత ఉంది గానీ మమ్మల్ని అసలు దెబ్బ కొట్టింది టైమ్.

దేశమంతా మాస్కు తీయొద్దని మొత్తుకుంటుంటే, మాస్కు తీసి నోరు బాగా తెరవండి అని అడగాల్సిన ఉద్యోగం మాది (ముక్కు, గొంతు డాక్టర్లు మాకు తోడు). పోనీ చూసి వదిలేస్తామా అంటే అదీ లేదు. పన్ను అరగదీసే ఎయిరోటర్ నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది, పన్ను వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతూనే ఉంటుంది, క్లీనింగ్ చేసే స్కేలర్‌దీ అదే వరస. ఆ నీళ్లూ ఉమ్మీ రక్తమూ కలిసి తుంపరగా లేస్తాయి. పెద్ద చుక్కలైతే ఫేస్‌షీల్డ్ మీద, పేషెంట్ ఛాతీ మీద పడతాయి, తుడిచేసుకోవచ్చు. కంటికి కనపడనివి గాల్లోనే ఉండిపోతాయి. వాటితోనే భయమంతా. ఇదంతా పేషెంట్ మొహానికి మూరెడు దూరంలో కూర్చుని చేయాలి.

గుంటూరులో మాది రెండు చైర్ల క్లినిక్. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ ఆదివారం పడింది, ఎలాగూ సెలవే. ఆ తర్వాత సరిగ్గా శార్వరి ఉగాది నాడు లాక్‌డౌన్ మొదలైంది. కొత్త పేషెంట్లు రాకపోతే పోయె, మా టెన్షన్ అంతా సగంలో ఉన్నవాళ్ల గురించి. రూట్ కెనాల్ తెరిచి, లోపల మందు పెట్టి, పైన తాత్కాలికంగా సిమెంటుతో మూసి, వచ్చే వారం రమ్మన్నవాళ్లు ఉంటారు కదా, వాళ్లకి ఆ వచ్చే వారం రెండు నెలల తర్వాత గానీ రాలేదు. కొలతలిచ్చిన క్యాపులు విజయవాడ ల్యాబ్‌లో ఉండిపోయాయి, కొరియర్లు బంద్. క్లిప్పులు వేయించుకున్న పిల్లలు నెలనెలా వచ్చి తీగ మార్పించుకోవాలి, అదీ ఆగిపోయింది.

అప్పటికే గుంటూరు రెడ్ జోన్, కాబట్టి క్లినిక్ అంతా ఫోన్‌లోనే నడిచింది. దవడ వాచిందని వాట్సాప్‌లో ఫొటో పంపుతారు, చూస్తే పెదవులు, పక్కన ఫోన్ టార్చి వెలుగు తప్ప ఏమీ కనపడదు. ఒక తండ్రి కూతురి క్లిప్పుల తీగ ఊడి బుగ్గకి గుచ్చుకుంటోందని వీడియో కాల్ చేశాడు. గోళ్లు కత్తిరించుకునే కట్టర్‌ని వేడినీళ్లలో మరిగించి తెమ్మన్నాను, తెగిన ముక్క గొంతులోకి పోకుండా నాలుక మీద గుడ్డ పరిపించాను, "ఇంకొంచెం వెనక్కి, ఆఁ, అక్కడే" అంటూ ఆ చివర కత్తిరింపించాను. పాప ఏడుపు ఆపేసింది, తండ్రికి మాత్రం చేతుల వణుకు తగ్గలేదు. ఇలాంటివి బాగానే గట్టెక్కాయి. నాకు ఇప్పటికీ నచ్చనిది ఆ రెండు నెలల్లో ఊరంతా మింగిన యాంటీబయాటిక్స్. మందుల షాపులో పంటి నొప్పి అంటే చాలు, ఒక స్ట్రిప్ ఇచ్చేవాళ్లు. వాపు తగ్గేది, నొప్పి తగ్గేది, వేరు కింద చీము గూడు మాత్రం ఎక్కడిదక్కడే.

మే 19న కేంద్ర ఆరోగ్య శాఖ మా వృత్తికి విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. కంటైన్‌మెంట్ జోన్‌లో క్లినిక్ తెరవకూడదు, రెడ్ జోన్‌లో అత్యవసరమైతేనే చూడాలి, మిగతా చోట్ల కూడా ఆగలేని పనులే చేయాలి, క్లీనింగులూ అందానికి చేయించుకునేవీ వాయిదా వేయాలి. మేం తలుపులు తీసేసరికి రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండల్లో, గదిలో గాలి అక్కడక్కడే తిరుగుతుందని ఏసీ ఆపేసి, కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ బిగించి, నా వీపు వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని, కిట్టు తొడుక్కుని పన్ను పీకడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఫేస్‌షీల్డ్‌కి ఆవిరి పట్టేది. కింద కళ్లజోడు, దానికీ ఆవిరే. మోచేతి దగ్గర కిట్టు విప్పితే చెమట ధారగా కారేది. పేషెంటుకి నా గొంతు వినపడక నేను అరవడం, నేను కోప్పడుతున్నానని వాళ్లు బెదిరిపోవడం.

టైమ్ సంగతి ఇక్కడే మొదలవుతుంది. అంతకుముందు ఒకరు చైర్ దిగితే తుడిచి, గ్లాసు మార్చి, పరికరాలు మార్చి ఇంకొకరిని ఎక్కించేవాళ్లం, పది నిమిషాల పని. లాక్‌డౌన్ తర్వాత ఎయిరోటర్ వాడితే చాలు, గది ఖాళీ చేసి, గాలి మారేదాకా ఆగి, చైరూ లైటూ పిడులూ గచ్చూ అన్నీ హైపోతో (బ్లీచింగ్ లాంటి మందు నీళ్లు) తుడిచి అప్పుడు తర్వాతి వాళ్లని పిలవాల్సి వచ్చేది. నాతో చదువుకున్నావిడ ఇంగ్లండ్‌లో పనిచేస్తుంది, అక్కడ జూన్ 8న తెరిచినప్పుడు ఇలాంటి పని చేసిన ప్రతిసారీ గంట సేపు గదిని ఖాళీగా వదలాలని పెట్టారు. అయితే అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) కాంట్రాక్టు ఉన్న క్లినిక్కులకి నెలనెలా డబ్బు వస్తూనే ఉంది. ఇక్కడ ఖాళీ గది ఖర్చు ఎవరిది? పూటకి పది పన్నెండు మందిని చూసే చోట నలుగురైదుగురికి పడిపోయాం, అదీ ఒక చైరు మూసేసి. అద్దె మాత్రం రెండు చైర్లదే కట్టేవాళ్లం. చైర్ లోన్‌కి రిజర్వ్ బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదా ఇచ్చింది, మంచిదే, కానీ వడ్డీకి వాయిదా ఏమీ లేదు. మూడు పొరల మాస్కు 10 రూపాయలు దాటకూడదని మార్చిలోనే కేంద్రం రేటు కట్టింది గానీ మా సప్లయరు దగ్గర గ్లవ్స్ పెట్టె ధర మూడు రెట్లయింది.

అందుకని బిల్లులో కిట్టు చార్జీ అని ఒకటి వేశాం. పెదనందిపాడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు, దవడ పన్ను పీకించుకుని, నోట్లో దూది కరుచుకునే అడిగాడు, "అమ్మా, కిట్టు మీరు తొడుక్కుంటే డబ్బులు నేనెందుకు కట్టాలి?" న్యాయమైన ప్రశ్నే. ట్రీట్‌మెంట్ రేటులోనే కలిపేసి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు, విడిగా రాస్తే కనీసం దాపరికం లేదని మేం అనుకున్నాం. పొద్దున వేసుకున్న ఒకే కిట్టుకి సాయంత్రం దాకా వచ్చిన అందరి దగ్గరా చార్జీ వసూలు చేసిన క్లినిక్కులూ ఉన్నాయి, నాకు తెలుసు, పెళ్లిలో ఆయన తిట్టింది వాళ్లనైతే నేనూ ఆయన వైపే.

డాక్టర్ల గురించి అందరూ రాశారు, అసిస్టెంట్ల గురించి ఎవరూ రాయలేదు. ఉమ్మి పీల్చే సక్షన్ పట్టుకునేది వాళ్లు, రక్తం అంటిన పరికరాలు కడిగేది వాళ్లు. మా దగ్గర పనిచేసే అమ్మాయిని "ఆస్పత్రి పిల్ల" అని ఇంటి ఓనరు పంపు దగ్గరికి రానివ్వలేదు. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందికి టీకాలు మొదలయ్యాక ఆ అమ్మాయి పేరు లిస్టులో ఎక్కించడానికి నేను చేసిన ఫోన్లు చిన్నవి కావు, ప్రైవేటు క్లినిక్‌లో చదువులేని అసిస్టెంట్ అంటే ఏ కాలమ్‌లోనూ పట్టదు మరి.

ఆలస్యానికి మూల్యం పళ్లే కట్టాయి. ఫిల్లింగుతో పోయే పుచ్చు రూట్ కెనాల్ దాకా వచ్చింది, రూట్ కెనాల్ చేయాల్సిన పన్ను పీకించుకునే స్థితికి వచ్చింది. ఇంకోవైపు హైదరాబాదు, బెంగళూరు నుంచి ఇంటికొచ్చేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు రాత్రుళ్లు పళ్లు కొరికి కొరికి పగలగొట్టుకుని వచ్చేవాళ్లు. పుచ్చు లేదు, దెబ్బ లేదు, మంచి పన్ను నిలువునా చీలి ఉండేది. అమెరికాలో డెంటిస్టులూ అదే చెప్పారు. తమాషా ఏంటంటే వీళ్లలోనే కొందరు మాస్కు చాటున ఎవరికీ కనపడవు కదా అని క్లిప్పులు వేయించుకున్నారు. మూసేసిన రెండో చైర్ మళ్లీ తెరిచామంటే ఆ క్లిప్పుల పుణ్యమే.

రెండో వేవ్‌లో వచ్చిన ఒకాయన గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి, షుగరుంది, కరోనా తగ్గి ఇంటికొచ్చి ఇంకా నెల కాలేదు. పైదవడ ఎడమ పక్క పళ్లన్నీ ఒకేసారి కదులుతున్నాయి, పీకేయమన్నాడు. పన్ను పట్టుకుని కదిపితే పక్క పళ్లు, ఎముకతో సహా కదిలాయి. చిగుళ్ల వెంబడి సన్నటి చీము కంతలు, అంగిట్లో ఒక చోట రంగు మారింది, బుగ్గ మీద తాకితే తెలియడం లేదన్నాడు. చిగుళ్ల జబ్బు అలా ఒక్క పక్కనే, వారంలో రాదు. పన్ను ముట్టుకోకుండా స్కాన్ రాసి ఈఎన్‌టీకి పంపాను. బ్లాక్ ఫంగస్, దవడ నుంచి కన్ను దాకా పాకే బూజు జబ్బు. 2021 మేలో దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చడంతో ఆపరేషన్ వరకు కాస్త ఊరట, దానికి వాడే యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం వాళ్లబ్బాయి తిరగని చోటు లేదు. పైదవడ సగం తీసేశారు, కన్ను దక్కింది, మనిషి దక్కాడు. ఆ ఖాళీ మూసుకునేలా పళ్లతో ఒక ప్లేటు చేసిచ్చాం, అది తీస్తే మాట ముక్కులోంచి వస్తుంది, నీళ్లు తాగితే ముక్కులోకి పోతాయి.

ఇప్పుడు కిట్టు చార్జీ లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది, చైర్ ఎక్కకముందు బీటాడిన్‌తో పుక్కిలించడం ఉంది, అపాయింట్‌మెంట్ లేకుండా వస్తే కూర్చోబెట్టడం ఉంది. గ్లవ్స్ ధర దిగింది గానీ అద్దె, జీతాలు దిగలేదు, కాబట్టి ట్రీట్‌మెంట్ రేటు మేం తగ్గించలేదు, తగ్గించం కూడా. ఇద్దరు పేషెంట్ల మధ్య కాస్త ఎడం ఉంచడం మానుకోలేదు, దానివల్ల రోజుకి ఒకరిద్దరు తగ్గినా పని నింపాదిగా సాగుతోంది. ఆరింటికి రమ్మంటే ఏడున్నరకి వచ్చి "ట్రాఫిక్ డాక్టర్ గారూ" అనే అలవాటు మాత్రం 2022 కల్లా జనానికి తిరిగొచ్చేసింది, దానికి ఏ మార్గదర్శకాలూ లేవు.