అమ్మ ఫోన్‌లో ఊడిరాని తాళం

ఇవాళ ఆదివారం. పొద్దున్నే అమ్మ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "దీని తాళం తీసేయ్ తల్లీ. ఇల్లు కదలని దాన్ని, నాకెందుకు తాళం? మనవరాలి ఫోటో చూద్దామన్నా పరీక్ష రాసినట్టు ఉంటోంది."

అమ్మకి చేతులు వణకడం మొదలై రెండేళ్లు దాటింది. పిన్ కొడుతుంటే పక్కన కూర్చుని చూశాను. 6 అంకెల పిన్. మొదటి నాలుగూ సరిగ్గానే పడతాయి. ఐదోది నొక్కబోయేసరికి వేలు జారి పక్క అంకె మీద పడుతుంది, లేదంటే ఒకే అంకె రెండుసార్లు పడుతుంది. అలా 5 సార్లు తప్పయితే 30 సెకన్లు ఆగమంటుంది. ఆ 30 సెకన్లూ అమ్మ ఫోన్‌ని ఒళ్లో పెట్టుకుని, ఏదో తప్పు చేసినదానిలా దాని వంకే చూస్తూ కూర్చుంది. నాకు కడుపులో దేవినట్టయింది. ఎంతసేపు, ఐదు నిమిషాల పని, తీసేస్తానులే అన్నాను. చీకటి పడేదాకా పట్టింది.

సెట్టింగ్స్‌లో స్క్రీన్ లాక్‌లోకి వెళ్లి అమ్మ పిన్ కొట్టాను. 'ఏదీ లేదు', 'స్వైప్', 'ప్యాటర్న్' మూడూ బూడిదరంగులో ఉన్నాయి. ఎంత నొక్కినా ఉలకవు, పలకవు. కింద చిన్న అక్షరాల్లో అడ్మినిస్ట్రేటర్ వల్లనో, ఎన్‌క్రిప్షన్ విధానం వల్లనో, ఆధారాల నిల్వ వల్లనో వీటిని నిలిపేశారని రాసి ఉంది. అమ్మ ఫోన్ మీద పెత్తనం చేసే అడ్మినిస్ట్రేటర్ ఎవరు? ఇంట్లో ఇద్దరమే ఉంటాం.

ముందు రీస్టార్ట్ చేసి చూద్దామనుకున్నాను. ఫోన్ ఆన్ అవుతుండగా పొయ్యి మీద ఏదో ఉందని లేచి వెళ్లాను. ఇంతలో తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ గాభరాగా కేకేసింది: "పేర్లన్నీ పోయాయే! ఎవరిదో ఉత్త నంబరే కనబడుతోంది." నిజమే, తమ్ముడి పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి పిన్ కొట్టేదాకా కాంటాక్టులు, ఫోటోలు, మెసేజీలు అన్నీ ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే చదవడానికి వీల్లేని గుప్త రూపంలోనే ఉంటాయి. పిన్ పడితే గానీ ఫోన్‌కే ఆ పేర్లు చదవడం రాదు. పిన్ కొట్టి, పేర్లన్నీ వెనక్కి వచ్చాక చూపిస్తే అమ్మ ఊపిరి పీల్చుకుంది. నాకూ ఒక సంగతి మనసుకి పట్టింది. తీయమంటే తీసేయడానికి ఇది తలుపుకి బయట వేలాడదీసిన తాళం కాదు, లోపలున్న సామానంతటికీ అల్లుకుపోయి ఉంది. బూడిదరంగు మాత్రం అలాగే ఉంది.

తర్వాత ఆధారాల నిల్వ (ఫోన్‌లో వేసుకున్న డిజిటల్ గుర్తింపు పత్రాలు, అంటే సర్టిఫికెట్లు దాచే చోటు) సంగతి చూశాను. ఆఫీసు వైఫై కోసం నేనెప్పుడో వేసుకున్న సర్టిఫికెట్ ఒకటి అందులో పడి ఉంది. ఈ ఫోన్ అంతకుముందు నాదే. మూడేళ్ల కిందట ఆ ఉద్యోగం మానేసి, కొత్త ఫోన్ కొనుక్కున్నాక దీన్ని అమ్మకి ఇచ్చాను. ఆధారాలన్నీ తొలగించమని నొక్కాను. దీనివల్ల ఫోటోలు పోవు, ఫోన్‌తో పాటు వచ్చిన సర్టిఫికెట్లూ పోవు, మనం వేసినవి మాత్రమే పోతాయి. దొరికిందిలే అనుకుని వెనక్కి వెళ్లి చూస్తే మళ్లీ అదే బూడిదరంగు.

మనం వేసుకున్న యాప్‌లేవీ నడవకుండా ఫోన్ తెరుచుకునే సేఫ్ మోడ్‌లో కూడా చూశాను. అక్కడా అంతే.

తమ్ముడు మళ్లీ ఫోన్ చేసి, "బటన్లు నొక్కిపట్టి రీసెట్ కొట్టెయ్ అక్కా, పీడా పోతుంది" అన్నాడు. వద్దన్నాను. రీసెట్ చేస్తే నాన్న ఫోటోలు పోతాయి. ఆయన చివరి రోజుల్లో అమ్మకి పంపిన వాయిస్ మెసేజీలు ఇంకెక్కడా లేవు. పైగా 2015లో ఆండ్రాయిడ్ 5.1 వచ్చిన దగ్గర్నుంచి, అలా బటన్లతో రీసెట్ చేస్తే అంతకుముందు ఫోన్‌లో ఉన్న గూగుల్ ఖాతా వివరాలో, కొన్ని ఫోన్లలో పాత పిన్నో అడిగి గానీ లోపలికి రానివ్వదు. దొంగ చేతికి చిక్కిన ఫోన్ వాడికి పనికి రాకూడదని పెట్టిన ఏర్పాటు అది. అమ్మ గూగుల్ పాస్‌వర్డ్ అమ్మకీ తెలియదు, నాకూ గుర్తు లేదు. తాళం నిమిషాల్లో తీసేస్తామని చెప్పుకునే ప్రోగ్రాములు కూడా ఉన్నాయని వాడే చెప్పాడు. ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాము చేతిలో నాన్న గొంతుని ఎలా పెడతాను?

మధ్యాహ్నం డివైజ్ అడ్మిన్ యాప్‌ల, అంటే ఫోన్ మీద అధికారం ఇచ్చిన యాప్‌ల జాబితా తెరిచాను. రెండే ఉన్నాయి. ఫైండ్ మై డివైజ్ ఒకటి, మెయిల్ యాప్ ఒకటి. మొదటిది ఆపి చూశాను, ఏమీ మారలేదు. వెంటనే మళ్లీ ఆన్ చేశాను, ఫోన్ ఎక్కడైనా పోతే వెతకడానికి అది ఉండాలి. మెయిల్‌ని మాత్రం పట్టించుకోలేదు. మెయిల్‌కీ తాళానికీ ఏం సంబంధం అనుకున్నాను. అక్కడే రెండు గంటలు పోయాయి.

సాయంత్రం విసిగిపోయి ఖాతాల పేజీ తెరిచాను. అమ్మ గూగుల్ ఖాతా కింద నా పాత ఆఫీసు మెయిల్ ఉంది! తీసేశాననే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. సింక్ (కొత్త మెయిల్స్ తెచ్చుకోవడం) ఆపానంతే, ఖాతా తీయలేదు. మళ్లీ అడ్మిన్ జాబితాకి వెళ్లి, ఈసారి మెయిల్ యాప్ మీద నొక్కి, దానికి ఏమేం అధికారాలున్నాయో ఒక్కొక్క లైనూ చదివాను. పాస్‌వర్డ్ నియమాలు పెట్టడం. ఫోన్ తెరిచే ప్రయత్నాలను గమనించడం. స్క్రీన్‌ని లాక్ చేయడం. డేటా అంతా చెరిపేయడం.

రెండో లైను కింద వివరం ఉంది. తప్పు పాస్‌వర్డ్‌లు ఎన్నిసార్లు పడ్డాయో లెక్కపెట్టడం, మరీ ఎక్కువైతే ఫోన్‌ని లాక్ చేయడం లేదా డేటా మొత్తం చెరిపేయడం.

చేతులు చల్లబడ్డాయి. ఉద్యోగంలో చేరినప్పుడు మెయిల్ పెట్టుకుంటూ వీటన్నిటికీ సరేనని నొక్కింది నేనే. ఆఫీసు సమాచారం ఉన్న ఫోన్‌కి అలాంటి నియమం పెట్టడంలో తప్పు లేదు. కానీ ఆ నియమాన్ని నేను అమ్మ చేతికిచ్చాను. వణికే వేలితో రోజుకి ఎన్నిసార్లు తప్పు కొడుతోందో! ఆ నియమంలో లెక్క 10కి పెట్టి ఉంటే, అమ్మకి వరసగా పదిసార్లు వేలు తప్పి ఉంటే, నాన్న గొంతు పోయి ఉండేది. ఎందుకు పోయిందో కూడా మాకు తెలిసేది కాదు. అమ్మ తన చేతుల్నే తిట్టుకునేది.

అడ్మిన్ ఆపేశాను, ఖాతా తీసేశాను, స్క్రీన్ లాక్‌కి వెళ్లాను. మూడు వరసలూ నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. 'ఏదీ లేదు' నొక్కితే హెచ్చరిక వచ్చింది: వేలిముద్రలు పోతాయి, ఫోన్‌ని కాపాడే ఏర్పాట్లు పనిచేయవు. పొద్దున్నయితే చదవకుండానే సరేననేదాన్ని. ఇప్పుడు అమ్మని పిలిచి చదివి వినిపించాను. తాళం లేకపోతే ఫోన్ ఎవరి చేతిలో పడినా బ్యాంకు మెసేజీలు, నాన్న ఫోటోలు అన్నీ తెరిచి పెట్టినట్టేనని కూడా చెప్పాను.

కాసేపు ఆలోచించి అంది: "మరీ అలా వద్దులే. నాలుగంకెలైతే కొట్టగలను."

4 అంకెల పిన్ పెట్టాను. కీప్యాడ్‌లో దూరదూరంగా ఉండే అంకెలు తనే ఎంచుకుంది. రెండు బొటనవేళ్ల ముద్రలూ నమోదు చేశాను, ఒక్కొక్కటి రెండేసి సార్లు. ముద్రలు అరిగిన వేళ్లకి అలా చేస్తే కాస్త నయం. రీస్టార్ట్ అయినప్పుడు, ఇంకా మూడు రోజులకోసారి అది పిన్ అడిగి తీరుతుందని, అప్పుడు కంగారు పడొద్దని చెప్పాను. వేలు ఆనించగానే తెరుచుకుంటే అమ్మ నవ్వింది. అయినా వెంటనే నాన్న మెసేజీలన్నీ నా లాప్‌టాప్‌లోకి కాపీ చేసి పెట్టాను.

ఇది రాస్తుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. అదే ఆఫీసు మెయిల్ నా పాత ట్యాబ్‌లోనూ ఉండేది. దాన్ని తమ్ముడికి ఇచ్చాను, వాళ్ల పాప ఆడుకుంటుందని. ఫోన్ చేసి అడ్మిన్ యాప్‌లు ఎక్కడుంటాయో చెప్పి చూడమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు.

"ఉంది అక్కా. టిక్ పెట్టే ఉంది."