మా ముందుగది నేలలో రాతినార

పోయిన నెలలో విజయనగరంలోని మా ఇంటి ముందుగది నేల మార్పించే పని పెట్టుకున్నాను. 1976లో మా నాన్నగారు కట్టించిన ఇల్లు ఇది. గచ్చు మీద నల్లటి తారు జిగురుతో అంటించిన తొమ్మిది అంగుళాల గోధుమరంగు వినైల్ బిళ్ళలు ఆ ఒక్క గదిలోనే ఉన్నాయి. మేస్త్రీ ఒక మూల గునపంతో పద్నాలుగు బిళ్ళలు లేపేసి, అడుగున మిగిలిన జిగురు గీకడానికి గ్రైండరు తగిలించబోతుండగా నేను వెళ్ళి ప్లగ్గు తీసేశాను. ఆ సమయానికి నేను ఇంట్లో ఉండడం మా అందరి అదృష్టం.

రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, కంటికి కనబడే వస్తువు కాదు. విరిగిన అంచు బిస్కెట్టు ముక్కలా మామూలుగానే ఉంది. అయితే ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి కనుక, వెనకటి రోజుల్లో ఇలాంటి బిళ్ళలకు ఉన్న ఐ.ఎస్. 3461 అనే భారతీయ ప్రమాణం పేరులోనే ఆస్‌బెస్టాస్ ఉందన్న సంగతి నాకు గుర్తుంది. బిళ్ళ పగలకుండా ఉన్నంతకాలం అందులోని రాతినార కదలదు. గ్రైండరు పెట్టినా, ఉప్పుకాగితంతో రుద్దినా, పొడిగా చీపురుతో ఊడ్చినా ఆ పోగులు గాలిలోకి లేస్తాయి.

“మాస్టారూ, నాను రేకులింట్లో పుట్టాను, రేకులే కోసి బతుకుతున్నాను, నాకేటయింది?” అన్నాడు మేస్త్రీ. అతను చెప్పే సిమెంటు రేకుల్లోనూ ఉండేది ఈ రాతినారే. అతని తప్పేమీ లేదు. ఆ పోగులు ఊపిరితిత్తుల్లో చేరాక జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్ళు కూడా పడుతుంది. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్ళు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఆ రికార్డైనా ఉంటుంది. ఊరూరా తిరిగి రేకులు కోసే మా మేస్త్రీకి, సాయంత్రం అతని చొక్కా దులిపి ఉతికే ఇల్లాలికి ఏ రికార్డు ఉంది? వాళ్ళచేత పని చేయించుకునే మనమే ఆ పూచీ తీసుకోవాలి.

పరీక్ష చేయించడం తేలికగానే జరిగింది. సబ్బునీళ్ళు చల్లి, బొటనవేలంత ముక్కను జిగురుతో సహా తీసి, రెండు జిప్ కవర్లలో పెట్టి హైదరాబాదులోని ఒక ప్రయోగశాలకు పంపితే, తొమ్మిది రోజులకు బిళ్ళలో క్రిసోటైల్, అంటే తెల్ల రాతినార, ఉందని నివేదిక వచ్చింది.

లేపేసిన పద్నాలుగు బిళ్ళలను ఎక్కడ పారవేయాలో తెలుసుకుందామని నేను ఒక కార్యాలయానికి వెళ్ళాను. మొదటి రోజు ఒక బల్ల నుంచి మరో బల్లకు, అక్కడి నుంచి సెలవులో ఉన్న మరొకరి బల్లకు పంపారు. రెండో రోజు ఒకాయన, చెత్తబండిలో వేసేయమన్నారు. ఆ బండి వెంట వచ్చే అమ్మాయి తడిచెత్తనూ పొడిచెత్తనూ ఉత్తచేతులతో వేరు చేస్తుంది. ఆమె చేతికి ఇవి ఎలా ఇవ్వమంటారని అడిగాను. మూడో రోజు నివేదిక పట్టుకుని వరుసలో నిలబడి నా వంతు వచ్చాక విషయం చెబితే, ఆ అధికారి కాగితం తాకకుండానే పైకి చూపించి, “చూడండి మాస్టారూ, మా ఆఫీసు కప్పే రేకులు. మేమందరం పోయామేటి?” అన్నారు. వరుసలో ఉన్నవాళ్ళు గట్టిగా నవ్వారు. వాళ్ళలో నా దగ్గర తొమ్మిదో తరగతి చదువుకున్న ఒక అబ్బాయి ఉన్నాడు. అతను నవ్వలేదు గానీ తల దించుకున్నాడు. ఆ నవ్వుకన్నా అతను తల దించుకోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు 2016 నాటి నియమావళి ఉన్నదని, దాని పట్టికలో పారవేసిన ఆస్‌బెస్టాస్ పేరు ఉన్నదని చెప్పాను. “అది ఫ్యాక్టరీలకండీ” అని ఆయన తరువాతి మనిషిని పిలిచారు. ఇంటికి వచ్చి మళ్ళీ చదివితే, ఆ పట్టికలో అది ఆస్‌బెస్టాస్ సరుకు తయారుచేసే పరిశ్రమల వరుసలోనే ఉంది. అక్షరం ప్రకారం ఆయన మాట సరైనదే కావచ్చు. కానీ నేను వాదనకు వెళ్ళలేదు, ఈ ముక్కలు ఎవరికి అప్పగించాలో చెప్పమని వెళ్ళాను. ఆ మాట తెలియదని మర్యాదగా చెప్పి ఉన్నా నేను తిరిగి వచ్చేసేవాణ్ణి.

మిగిలిన బిళ్ళలను కదిలించలేదు. వాటి మీద మందపాటి పాలిథిన్ పరిచి, రెండంగుళాల కాంక్రీటు వేయించి, పైన కొత్త టైల్సు పరిపించాను. గది ఎత్తు పెరిగినందుకు రెండు తలుపుల అడుగులు కోయించవలసి వచ్చింది. ఆ మూల శుభ్రం చేసినప్పుడు తడిగుడ్డలతోనే తుడిపించాను, ఆ గుడ్డలను కూడా బిళ్ళలతోపాటే మూట కట్టాను. దుకాణంలో అంటగట్టబోయే గుడ్డ మాస్కు మాత్రం ఎవరూ కొనకండి, అది ఈ పోగులను ఆపదు. ఎన్-95 కూడా చాలదు. పి-100 రకం వడపోత ఉండి, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కులు తెచ్చి పనివాళ్ళకు మీరే ఇవ్వండి.

పద్నాలుగు బిళ్ళలూ రెండు పొరల సంచిలో, మూత బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ములో మా మెట్ల కింద ఉన్నాయి. పైన తేదీ వేసి, లోపల ఏముందో పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. వాటిని ఎవరికి అప్పగించాలో చెప్పమని అదే కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. నేటికి ఇరవై రెండు రోజులైంది, జవాబు రాలేదు. సోమవారం మళ్ళీ వెళుతున్నాను.