పోర్ట్ లూయిస్‌లో కోరంగోళ్ళు

మారిషస్ వచ్చి ఏడాదిన్నర అయ్యింది, సెంట్రింగ్ పని, రూములో ఎనిమిది మందిమి. మొన్న శనివారం వానకి పొద్దున్నే పని ఆపేస్తే ఇమిగ్రేషన్ స్క్వేర్ బస్టాండ్ దగ్గర దిగి, పక్కనే ఏదో మ్యూజియం ఉంది టికెట్ లేదు అన్నారని లోపలికి దూరా, వాన తగ్గేదాకా ఉందామనే అనుకోండి.

ఆప్రవాసీ ఘాట్ అంటారు, ముందు కూలీ ఘాట్ అనేవాళ్ళంట. కత్తులూ కిరీటాలూ ఉంటాయేమో అనుకున్నా, ఉన్నవి వంటశాల, దొడ్లు, ఆస్పత్రి గోడలు. 1849లో కట్టిన కూలీల డిపో ఇది. ఓడ దిగినోళ్ళని 2 రోజులు ఇక్కడుంచి కాగితాలు రాసి చెరకు తోటలకి పంపేవాళ్ళు, మొత్తం మీద మన దేశం నుంచే దాదాపు 5 లక్షల మంది. ఒడ్డు నుంచి పైకి మెట్లు. పనోడి బుద్ధి ఎక్కడికి పోద్ది, నేను ముందు చూసింది నల్లరాయి మధ్యలో వేసిన సున్నమే, మా సైట్‌లో మొన్న పోసిన గోడకి అప్పుడే పగుళ్ళు.

ఒక్కొక్కళ్ళకీ ఒక నంబరు, ఫొటో అంటించిన టికెట్టు. ఆ ఫొటోల్లో ఒక్కడూ నవ్వట్లేదు. నా హెల్మెట్ మీదా నంబరే, సూపర్‌వైజర్‌కి నా పేరు ఇప్పటికీ నోరు తిరగదు, పాస్‌పోర్టేమో కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంది. అయితే నాకు ఫోన్ ఉంది, ఆదివారం మా పాపని చూస్తా, వాళ్ళకి అదీ లేదు. వాళ్ళది ఐదేళ్ళ అగ్రిమెంట్.

అక్కడే ఓ పెద్దాయన మనవణ్ణి తీసుకొచ్చాడు. ఇండియాలో ఎక్కడ అన్నాడు ఇంగ్లీషులో, ఆంధ్రా అన్నా. వాళ్ళూ తెలుగోళ్ళేనంట! కానీ గోవిందా గోవిందా తప్ప ఇంకో ముక్క రాదు, నాకు ఇక్కడోళ్ళు మాట్లాడే క్రియోల్ రాదు. మమ్మల్ని ఇక్కడ కొరింగీ అంటారు, మా పెద్దోళ్ళు కోరంగి రేవులో ఓడెక్కారంట అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది, మాది తాళ్ళరేవు, కోరంగి మాకు సైకిల్ దూరం. రేవు ఇంకా ఉందా అని అడిగాడు. 1839 ఉప్పెనకే దెబ్బతింది అని మా మాస్టారు చెప్పింది చెప్పా, ఇప్పుడు మడ అడవి, పిక్నిక్‌కొచ్చే జనం. నా ఫోన్‌లో ఉన్న ఫొటోలన్నీ వాట్సాప్‌లో పంపించుకున్నాడు, అందులో మా చెల్లి పెళ్ళివి కూడా ఒక నాలుగు వెళ్ళిపోయాయి.

బయటికొచ్చాక బ్రెడ్డులో పెట్టిన గాటో పిమా కొనిపెట్టాడు. ఇది మా పప్పు వడండీ అన్నా. కాదు, ఇది మారిషస్‌ది అన్నాడు, ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.